మామల్లపురములో మా యేనుగు

మొన్నటి సంక్రాంతి సెలవులలో మేము మామల్లపురము పోయివచ్చితిమి. మహాబలిపురమనిన మనవారందరికిని తెలిసిన యూరే. అలలకెదురుగా నిలిచిన గుడి, ఐదు రథములు, కొండవాలున జారకుండ నిలిచిన వెన్నముద్ద వంటి గుండు, వీనిని గూర్చి సోదరీమణులు ఎన్ని మారులు చదివియుందురో! కావున ఆ వర్ణనలతో విసిగింపము. మేము పోయినది వేరొక పనికి. అచ్చట మొదలిడి విడిచిపెట్టిన పనులు పెక్కు కలవని విని, వానిని చూడబోయితిమి. మా యింటిలో నొక పని పదునొకండు నెలలుగా నిలిచిపోయి యుండుటయే యిందుకు కారణము.

ముందు ఆ పని యేదియో చెప్పవలెను. మావారు ఉపాధ్యాయులు. వారి పాఠశాలకు అటల్ టింకరింగ్ ల్యాబు మంజూరైనది. కేంద్రప్రభుత్వము 2016లో ఆరంభించిన పథకము క్రింద నెలకొల్పుచున్న యీ ప్రయోగశాలలలో త్రీడీ ప్రింటరు అను యంత్రము కూడ నుండును. కంప్యూటరులో చేసిన బొమ్మను అది చేతికందు వస్తువుగా చేసి యిచ్చును. ప్లాస్టిక్ తీగను కరగించి, జంతికల గొట్టమునుండి పిండి దిగినట్లు సన్నని ధారగా దింపి, పొరమీద పొర పేర్చును. అట్టి బొమ్మలు చేయుటకు బ్లెండరు అను ప్రోగ్రామును మావారు ఇంటి లాప్‌టాపులో పెట్టుకొనిరి. రెండు వారములు దానితో కుస్తీపట్టి, పరీక్షాపత్రములు దిద్దు కాలము రాగా విడిచిపెట్టిరి. అది మా చేతికి వచ్చినది.

ఇక మా పెద్దమ్మ సంగతి. మేము బడికి పోయినది బహుస్వల్పము. మా చదువంతయు మా పెద్దమ్మ వసారాలోనే జరిగినది. వేకువనే అమరము వల్లె వేయించి, మధ్యాహ్నము రఘువంశము చెప్పి, సాయంకాలము దీపము పెట్టిన పిదప పోతన భాగవతము చదివించెడిది. తప్పు చదివిన కొట్టెడిది కాదు. ఆ పద్యమును తానే సరిగా చదివి, మా మొగమువంక చూచి ఊరకుండెడిది. దెబ్బకంటె అదియే బాధగా నుండెడిది. ఇప్పుడామెకు డెబ్బదియెనిమిదేండ్లు. నీటికాసుల వలన ఆరేండ్లుగా చూపు తరుగుచు వచ్చి, నేడు వెలుతురును చీకటియు తప్ప మరేమియు తెలియదు. చదువుట పోయినను పద్యములు పోలేదు గాని, బొమ్మలు పోయినవి. ఈ యంత్రము సంగతి విని ఆమె అడిగినది: “అయితే గజేంద్రుణ్ణి చేసి నా చేతిలో పెట్టవే. ఇన్నేళ్ళు చదివి చెప్పానే గాని, ఏనుగు ఎట్లా ఉంటుందో మరిచిపోతున్నాను.”

అడిగినది మా గురువు. కాదనుట యెట్లు?

ఈ శిల్పవిద్యను ఎరుగని సోదరీమణులకు రెండు మాటలు. తెరమీద మట్టిముద్ద వంటి గోళమొకటి కనబడును. గ్రాబ్ అను కుంచెతో పట్టి లాగిన సాగును. క్లే స్ట్రిప్స్ అను దానితో గీచిన, తడిమట్టి పట్టీలు అంటించినట్లు ఉబ్బును. స్మూత్ అను దానితో రుద్దిన నునుపగును. పిండితో బొమ్మలు చేసిన చేతికిది రెండు దినములలో పట్టుబడును. తప్పు చేసితిమా, రెండు మీటలు నొక్కిన చేసినది చేయనట్లగును. ఈ సౌకర్యమును మొదట మేము వరమనుకొంటిమి.

పది దినములలో తల వచ్చినది. చెవులు చేటలవలె విచ్చుకొన్నవి. తొండము పైకెత్తి మొరపెట్టుకొనుచున్నట్లే యుండెను. ఇక తొండముపై ముడుతలు తీర్చ మొదలిడితిమి. వంట ముగించి, అమ్మాయిని బడికి పంపి, కూర్చుందుము. ఒక ముడుత వేసి, బాగులేదని చెరిపి, మరల వేయుదుము. ఇట్లు రెండు నెలలు గడచినవి. కాళ్ళు మాత్రము రాలేదు. నాలుగు స్తంభములు చేసి పొట్టక్రింద నిలిపియుంచితిమి గాని, అవి దేహమునకు అతుకుకొనలేదు. అతుకవలెనన్న రీమెష్ అను క్రియ చేయవలెను. అది బొమ్మనంతటిని కలిపి ఒకే తోలుగా క్రొత్తగా అల్లును. సన్నగా అల్లించితిమా, మా పాత లాప్‌టాపు ఆయాసపడి నిలిచిపోవును. ముతకగా అల్లించితిమా, రెండు నెలల ముడుతలు వెన్నవలె కరగిపోవును. ఏదియు చేయనొల్లక ఒకనాడు మూత వేసితిమి. పిదప ఉగాది వచ్చినది, మరిది పెండ్లి వచ్చినది, వానలు వచ్చినవి. పెద్దమ్మ అడిగినపుడెల్ల “ఇంక కొంచెమే ఉంది” అనుచుంటిమి. దసరా తరువాత ఆమె అడుగుట మానినది. అడుగునంతకాలము మాకు సిగ్గు మాత్రమే. మానిన పిమ్మట నిదురపట్టుట కష్టమైనది.

మామల్లపురము పోవుదమని మావారనగా, పెద్దమ్మ తానును వచ్చెదననెను. “ఎండలో ఎందుకమ్మా?” అనిన, “కళ్ళు లేకపోతే గాలి తగలదా?” అనెను. నెల్లూరులో తెల్లవారుజామున రైలెక్కి చెన్నపట్టణము చేరి, అచ్చటినుండి తూర్పుతీరపు బాటమీదుగా సుమారు అరువది కిలోమీటర్లు బస్సులో పోయితిమి. పులిహోర, దధ్యోదనము కట్టుకొంటిమి. దారి పొడవునను ఎడమవైపు సముద్రము కనబడుచు మరుగుపడుచు నుండెను; పెద్దమ్మ దాని చప్పుడు ముందుగా విని, “అదిగో” అని మాకే చూపుచుండెను.

మొదట రథములకడకు పోయితిమి. ఇవి పేరునకు పాండవరథములే గాని పాండవులకు వీనితో సంబంధము లేదు. ఆ పేర్లు తరువాతి వారు పెట్టినవి. 630 మొదలు 668 వరకు ఏలిన పల్లవరాజు నరసింహవర్మకు మామల్లుడను బిరుదుండెను, ఊరిపేరు దానినుండి వచ్చినదే. రథములును అతని కాలమున మొదలైనవని పెక్కురు చెప్పుదురు. ఇవి కట్టినవి కావు. ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిన రాతిదిబ్బను చెక్కి, వరుసగా ద్రౌపదీ, అర్జున, భీమ, ధర్మరాజ రథములను తీసిరి. నకుల సహదేవులది ప్రక్కగా వేరొక రాతిలో నున్నది. పెద్దమ్మకు మేము చెప్పుచుంటిమి: ద్రౌపదిది మన పూరిపాక, గడ్డికప్పు కూడ రాతిలో వంగినది, భీమునిది పొడుగాటి గూడుబండి పైకప్పు, ధర్మరాజుది అంతస్తుల విమానము. సహదేవుని రథము వెనుకభాగము గుండ్రముగా నుండును. దానిని శిల్పులు గజపృష్ఠమందురు, అనగా ఏనుగు వెన్ను. దాని ప్రక్కనే నిలువెత్తు రాతియేనుగు నిలిచియున్నది. ఆ యేనుగును మేము చాలసేపు చూడలేకపోయితిమి. అది నాలుగుకాళ్ళ మీద నిలిచియున్నది.

ధర్మరాజరథము నెదుట మావారు మమ్ము నిలిపి, “పైన చూడు, కింద చూడు” అనిరి. పై యంతస్తులలో దేవతామూర్తుల మొగములు, చేతులు అన్నియు తీర్చియున్నవి. క్రింది యంతస్తులో స్తంభములు లేచినవి గాని లోపలి గది తొలువబడలేదు. భీమరథముననైతే క్రింద మొరటు రాయి యట్లే యున్నది. ఏల యనగా, ఈ పని పైనుండి క్రిందికి సాగినది. శిఖరము మొదట చెక్కుదురు. చెక్కని రాతిమీదనే నిలిచి చెక్కుదురు గనుక సారువ అక్కరలేదు. పైనుండి పడు పెచ్చులు క్రింద తీర్చిన బొమ్మను చెడగొట్టవు, క్రింద ఏదియు తీరియుండదు గదా. ఒక యంతస్తు ముగిసిన పిదప తామునిలిచిన రాతినే చెక్కుచు దిగుదురు.

ఊరికి పడమటి ప్రక్క పిడారి రథములు, వలయంకుట్టై రథము అని మరి మూడు కలవు. అచ్చటికి వెడలు యాత్రికులు అరుదు. ముండ్లపొదలు, మేకలు, నీడ కొంచెము. ఇవి యింకను తక్కువ పనితో నిలిచినవి. పైన చిన్నచిన్న గూళ్ళు, కుడ్యముల అంచులు అందముగా దిద్దియుండగా, నడుమునుండి క్రిందంతయు ఏమియు తెలియని బండరాయి. ఎవరో పై దుప్పటి తొలగించి, తక్కినది తొలగింపక మరచినట్లున్నది. కొండమీది పూర్తికాని గుహలలో పని మొదటి మెట్టు కూడ కనబడును. రాతి మొగముమీద అడ్డముగను నిలువుగను లోతైన గాళ్ళు తీసి చదరములు చేసిరి. ఆ చదరములను ఒక్కొక్కటిగా ఉలితో ఊడగొట్టుదురు; మరల లోపల గాళ్ళు తీయుదురు. కొన్ని చదరములు ఊడినవి, కొన్ని ఊడలేదు. ఉగ్గబెట్టిన కోపముతో పనిచేసినవాని గుర్తులు కావవి. దినమునకిన్ని చదరములని లెక్కపెట్టుకొని చేసినవాని గుర్తులు. మన ఉండవల్లి గుహల పై యంతస్తును ఇట్లే అసంపూర్తిగా నున్నది.

వీనిని చూచి, “పూర్తికాకపోయినా ఎంత బాగున్నాయో!” అని ప్రక్కనున్న యాత్రికులనుచుండిరి. మేమును అట్లే అనుకొని ఊరడిల్లవచ్చును. 1984లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడిన చోట అసంపూర్తి పని యుండగా, మా లాప్‌టాపులో నుండిన తప్పేమి? కాని మనసొప్పలేదు. రాజు గతించుటచేతనో, తరువాతి రాజునకు వేరొక యూహ కలుగుటచేతనో ఈ పనులు ఆగినవందురు. మా యేనుగునకు ఏ రాజు గతించెను? ఏ యుద్ధము వచ్చెను?

ఆ పొదలనీడను కూర్చుండి దధ్యోదనము తినుచుండగా మాకొకటి తోచినది. పైనుండి చెక్కుచు దిగినవాడు మరల పైకి పోలేడు. కాలి క్రింద రాయి తరిగిపోయినది గదా, శిఖరము అందదు. దానిలో వంక కనబడినను కనబడినట్లే యుండవలసినదే. వాని చేతికి అందునది ఇప్పటి అంతస్తు ఒక్కటే. మాకట్లు కాదు. మా తొండము ఎప్పుడును మా చేతికందుచునే యుండెను. చెరిపిన చెరుగును, దిద్దిన దిద్దుకొనును. అందుచేత దినదినము తొండముకడకే పోయితిమి. కాళ్ళకడకు ఒక్కనాడును దిగలేదు. తీరికలేక ఆగితిమని పదునొకండు నెలలు చెప్పుకొంటిమి. అది నిజము కాదు. తీరిక నంతటిని తొండమునకే పోసితిమి.

సాయంకాలము ఊరిలోని శిల్పుల వీథిలో నడచితిమి. ఈ యూర నేటికిని ఉలిచప్పుడు ఆగలేదు. శిల్పము నేర్పు ప్రభుత్వ కళాశాల 1957 నుండి ఇచ్చట కలదు. బాటకిరువైపుల పాకలలో గణపతులు, నందులు, బుద్ధులు తెల్లని రాతిదుమ్ములో నిలిచియుందురు. ఇప్పుడు చేతియంత్రములు గీయుమనుచు రాతిని కోయును గాని, కడపటి నగిషీ ఉలితోడనే. ఒక పాకలో శిల్పి యొకడు ఏనుగును చెక్కుచుండెను. మావారికి అరవము కొంత వచ్చును. పెద్దమ్మ సంగతి చెప్పగా ఆయన పనియాపి, పైగుడ్డతో రాతిమీది దుమ్ము తుడిచి, “రండి పాట్టీ” అని ఆమె చేయిపట్టి రాతిమీద నుంచెను.

పెద్దమ్మ వ్రేళ్ళు కుంభస్థలము తడిమి, చెవి మడత వెంబడి దిగి, తొండము పొడుగున పోయి, పొట్టకు వచ్చి ఆగినవి. మరల తడిమెను. పొట్టక్రింద చదరపు రాయి.

“ఏనుగేనే అమ్మాయీ! కాళ్ళు మాత్రం ఇంకా రాతిలోనే ఉన్నాయి” అనెను.

మేము ఊరకుండలేకపోయితిమి. మాదియు అంతేననియు, తలయు తొండమును ఎప్పుడో అయినవనియు, కాళ్ళు అతుకలేక విడిచితిమనియు ఆ దుమ్ములోనే నిలిచి చెప్పివేసితిమి. ముడుతలు పోవునను భయమును కూడ దాచలేదు. కోపపడునేమో యనుకొంటిమి. చిన్ననాడు పద్యము తప్పిన దినములందు చూచినట్లే మావైపు మొగము త్రిప్పి, చూపులేని కన్నులతో క్షణముసేపు ఊరకుండి, నవ్వెను.

“కాళ్ళే లేకపోతే మొసలి దేన్ని పట్టుకుంటుందే?”

శిల్పికి మావారు అరవములో చెప్పగా అతడును నవ్వి, తన యేనుగు పొట్టక్రింది రాతిని ఉలితో తట్టెను. కథయంతయు కాలిలో నున్నది. మేము భాగవతము కంఠస్థము చేసియు, గజేంద్రునికి కాలు లేకుండ తొండమునకు ముడుతలు పెట్టుచు కూర్చుంటిమి!

తిరుగు బస్సులో మావారొక సంగతి చెప్పిరి. ఆ బ్లెండరు ప్రోగ్రామే ఒకప్పుడు నడిమధ్య నిలిచిపోయినదట. హాలండు దేశస్థుడు టోన్ రోజెన్‌డాల్ దానిని రూపొందించెను. 2002లో దానిని నడుపు కంపెనీ మూతపడగా, హక్కులు మదుపుదారుల చేతిలో చిక్కుకొనెను. లక్ష యూరోలిచ్చిన విడుదల చేయుదుమని వారనిరి. అతడు లోకమునర్థించెను. ఏడు వారములలో ఆ సొమ్ము జనులే పోగుచేసిరి, ఆ యేటి అక్టోబరులో అది అందరికిని ఉచితమైనది. అందుచేతనే నెల్లూరులో నొక గృహిణి కాసు చెల్లింపకుండ ఏనుగు తొండము దిద్దగలిగినది. “ఏడు వారాల్లో లక్ష యూరోలు వచ్చాయి, నీకు నాలుగు కాళ్ళు రావా?” అని మావారు వేళాకోళము చేసిరి. పరీక్షాపత్రములు రాగానే తాము విడిచిపెట్టిన సంగతి మేము జ్ఞాపకము చేసితిమి. పిదప చెంగల్పట్టు బాట కూడలి వచ్చువరకు ఇద్దరమును మాటలాడలేదు.

ఇల్లు చేరిన మరునాడు మడిబట్ట ఆరవేసి, లాప్‌టాపు మూత తీసితిమి. మా యేనుగును నలుదిక్కుల త్రిప్పి చూచితిమి. ముడుతలు నిజముగా బాగుగనే యుండెను. పాత బొమ్మను వేరు పేరుతో దాచుకొని, ముతకగా రీమెష్ చేసితిమి. ఒక్క రెప్పపాటు. రెండు నెలల పని మాసిపోయి, నునుపైన తొండముతో, నాలుగు కాళ్ళు పొట్టకతుకుకొని ఏనుగు నిలిచినది. కండ్లు చెమ్మగిల్లలేదని చెప్పము. అమ్మాయి మాత్రము, “ఇప్పుడు నిజం ఏనుగులా ఉందమ్మా, ఇదివరకు బల్లలా ఉండేది” అనెను.

ఇంకొక కట్టుదిట్టము చేసితిమి. బ్లెండరులో మాస్క్ అను సాధనము కలదు. దానితో పూసినచోట నల్లబడును; ఆ మేరను ఏ కుంచెయు అంటదు. తలకును తొండమునకును దట్టముగా పూసివేసితిమి, క్రిందికి దిగిన శిల్పికి శిఖరము అందనట్లు. దినమునకొక కాలు అనుకొంటిమి. కొన్ని దినములు మోకాలివరకే వచ్చెడిది. కుక్కరు కూతకు లేచి, వచ్చి, ఎక్కడ విడిచితిమో అక్కడనే మొదలిడెడివారము. పాదముల గోళ్ళకడ ఒకటి రెండు మారులు చెరిపితిమి, మూడవమారు చెరుపలేదు. ముందరి కుడికాలికి ఎడమకాలికంటె కండ యెక్కువైనది. అట్లే యుండనిచ్చితిమి, మొసలితో వేయేండ్లు పెనగులాడిన జంతువు గదా. మాఘమాసము చివరకు నాలుగు కాళ్ళును నేలమీద ఆనినవి.

ముద్రించుటకు తీగ మేమే కొని యిచ్చితిమి. మొదటిమారు నడుమువరకు వచ్చి, పీటనుండి ఊడి ప్రక్కకు వ్రాలి, వట్టి పోగుల ముద్దయైనది. రెండవమారు ఒక పగలు, ఒక రాత్రి పట్టినది. జానెడు ఏనుగు వచ్చినది. పొట్టక్రింద యంత్రము తానే పెట్టుకొన్న ఆనికట్టెలుండెను. వానిని వ్రేళ్ళతో విరిచి తీసితిమి. అప్పుడు గమనించితిమి, పొర యొక్కొక్కటి మిల్లీమీటరులో అయిదవవంతు మందము. ఈ జానెడు బొమ్మలో మా పాత ముడుతలు ఆ పొరల గీతలకంటె సన్ననివగును. ఉంచుకొని యుండినను పెద్దమ్మ వ్రేలికి తెలిసెడివి కావు.

సాయంకాలము దీపము పెట్టిన పిదప ఆమె ఒడిలో నుంచితిమి. వ్రేళ్ళు మరల అదే దారిని పోయినవి. కుంభస్థలము, చెవి, తొండము, పొట్ట. పొట్టకడ ఆగి, మెల్లగా క్రిందికి దిగి, ముందరి కుడికాలిని చుట్టి పట్టుకొన్నవి. ఆ కాలిని అట్లే పట్టుకొని ఆమె పద్యమెత్తుకొన్నది. మూడు పద్యములైన పిదప ఆపి, పాదముక్రింద తడిమి, బల్లమీద కూడ చేయాడించి అడిగినది:

“మొసలి ఏదే?”

మరునాడు మధ్యాహ్నము క్రొత్త గోళము తెరపైకి తెచ్చితిమి. ఈమారు తోకనుండి మొదలిడితిమి.